ఏడో దాత నడక

సోమనర్సయ్య ఇంట్లో తిరుగుతున్నాడంటే చూడక్కర్లేదు, వింటే చాలు. కుడికాలు టక్కున పడుతుంది. ఎడమ మడమ మాత్రం రెప్పపాటు తటపటాయించి, నేలను కొంచెం రాసుకుంటూ వచ్చి దాని పక్కన చేరుతుంది. పదకొండు నెలలుగా ఆ ఇంటికి అదే చప్పుడు. అంతకుముందు ఆరేళ్ళు చక్రాల కుర్చీ కిర్రుమనడమే ఉండేది.

ఆ పొద్దున కూడా ఆ చప్పుడు వంటింట్లోంచి గడప దాకా వచ్చి ఆగింది.

“తీస్కో బిడ్డా చాయ్. ఒక్క బొట్టు ఒలకలే, చూడు.”

నవనీత చూడలేదు. ఫోన్లో ఒక ఉత్తరం చదువుతోంది. అప్పటికి మూడోసారి.

“గట్ల కండ్లు పెట్టి చూస్తున్నవ్, ఎవలదే ఉత్తరం?”

“ఆఫీసుది నాయినా.”

“ఆఫీసుదైతే మొకం గట్ల మాడ్చుకుంటవా? చాయ్ సల్లారుతది.”

వంటింట్లోంచి తల్లి అండాలు అందుకుంది. “నువ్వు జర కూసో ఎహె. మొన్న జనగామ బస్టాండ్ల ఎవలో ఒకామె ఉరికొచ్చి భుజం పట్టుకున్నదట నవనీ, అప్పట్నుంచి మీ నాయిన కాళ్ళు భూమ్మీద ఆగుతలేవు.”

“ఎవలనో అనుకున్నది పాపం. నా మొకం చూసి ఏడ్చుకుంట పోయింది. నీకు దాంట్ల గూడ నవ్వులాటనే.”

నవనీత నవ్వలేదు. చాయ్ గ్లాసు పట్టుకుంది, తాగలేదు. కాలు ఒకటే ఊగుతోంది.

సోమనర్సయ్య గీత కార్మికుడు. ఏడేళ్ళ కిందట తాటిచెట్టు మీద మోకు జారి వెన్నుపూస విరిగింది. అప్పుడు నవనీత ఇంజనీరింగ్ రెండో ఏడు. ఆ ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి ఆమే. చదువు అయిపోయాక వేరే కొలువులు వెతకలేదు. జనగామలో పాత జిన్నింగ్ మిల్లు షెడ్డులో కాళ్ళు పడిపోయినవాళ్ళను నడిపించే ప్రయోగశాల ఉందని విని అందులో చేరింది.

అక్కడ తయారైనదే నడికట్టు. బొడ్డు కింద కట్టుకునే వెడల్పాటి పట్టీ. నడవాలన్న కోరికను విరిగిన పూస పైనుంచి పట్టి, కిందనున్న నరాలకు చేరవేస్తుంది. దానిలో నడిచే సాఫ్ట్‌వేర్ పేరు ‘అడుగు’. దాన్ని రాసింది ఒక్కరు కాదు. ఏడెనిమిది దేశాల్లో నలభై మంది తీరిక వేళల్లో రాసి, ఒకే షరతు మీద లోకానికి ఇచ్చేశారు. ఎవరైనా వాడుకోవచ్చు, విప్పి చూడొచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. పంచేవాళ్ళు మాత్రం అదే షరతుతో పంచాలి. దానికి బయటి ముక్క ఏదైనా కలిపి కుట్టి పంచితే, ఆ ముక్క కూడా అంతే స్వేచ్ఛగా అందరిదీ కావాలి.

ఉత్తరం ఆ కలిపి కుట్టిన ముక్క గురించే. రాసింది తిరువనంతపురం నుంచి బీనా. ‘అడుగు’లో మనిషి తూలిపోకుండా ఆపే భాగమంతా ఆమె రాసినదే.

“మీరు ‘అడుగు’తో కలిపి పంచుతున్న ‘దాత-7’ లైబ్రరీకి అనుమతి పత్రం వెతికాను, దొరకలేదు. ఉన్నది ఒకే వాక్యం: ‘అనుమతి ఉన్నట్టే, తర్వాత సరిచూడాలి. - న.’ ఈ ‘న’ ఎవరు? సరిచూశారా? మన సంఘం నియమం మీకు తెలుసు. పద్నాలుగు రోజుల్లో జవాబు రాకపోతే ఆ ముక్కను తీసేయాలి.”

ఆ ‘న’ నవనీతే. అప్పుడు, తెల్లారితే నాయినను మొదటిసారి నిలబెట్టే రోజు. తమ నడక నకలుకు ఇచ్చిన దాతల కాగితాలున్న బీరువాకు తాళం వేసి ఉంది, తాళంచెవి సెలవులో ఉన్న మేడమ్ దగ్గర. ఒక్క వాక్యం రాసి పని ముందుకు జరిపింది. మర్నాడు నాయిన లేచి నిలబడ్డాడు. ఆ సంబరంలో ఆ ‘తర్వాత’ ఇక రానేలేదు.

*

“చదివి వినిపించు నవనీతా, కళ్ళజోడు ఎక్కడో పెట్టాను,” అంది వహీదా మేడమ్, బీరువా లోంచి ఫైలు తీస్తూ.

“మీ నెత్తి మీదే ఉంది మేడమ్.”

“ఆఁ? సరే, అయినా నువ్వే చదువు.”

డాక్టర్ వహీదా ఆ ప్రయోగశాలకు పెద్ద. రిటైరయ్యే వయసులో సర్కారు ఆస్పత్రి వదిలి వచ్చి ఈ షెడ్డులో కూర్చుంది. నవనీత చదివింది. ఎర్రోళ్ళ కైలాసం, కరెంటు లైన్‌మన్, నెమలికొండూరు. నా నడకను ఈ ప్రయోగశాల లోపలి పరిశోధనకు మాత్రమే ఇస్తున్నాను. కింద సంతకం. దాని కింద వేరే సిరాతో ఎవరో రాసిన ముక్క: ‘దాత మరణించారు.’

అద్దం అవతల హాల్లో ఆలేరు నుంచి వచ్చిన దర్జీ భూమేశ్ అటూ ఇటూ నడుస్తున్నాడు. అదే చప్పుడు. కుడికాలు టక్కున, ఎడమ మడమ రాసుకుంటూ. ఇప్పటికి నడికట్టు కట్టుకున్న అరవై ఒక్క మందీ అదే నడక నడుస్తున్నారు. ఎత్తుకూ బరువుకూ తగ్గట్టు ‘అడుగు’ సర్దుతుంది కానీ, ఏ కండరం ఎప్పుడు బిగియాలి, ఎప్పుడు సడలాలి అన్నది మాత్రం ఒక్కో అడుగుకూ ‘దాత-7’ను పిలిచి అడుగుతుంది. ఆ పిలుపుకు జవాబు రాకపోతే కాళ్ళు కదలవు. ఏడుగురి నడకలు తీస్తే ఆరు సరిగ్గా కుదరలేదు. కుదిరింది ఇదొక్కటే.

“ఇంకోటి ఉంది కదా మేడమ్, ఆ హైదరాబాద్ కంపెనీ వాళ్ళది. సాఫీ నడక లైబ్రరీ.”

“వాళ్ళు కలుపుకోనిస్తారు, లోపల చూడనివ్వరు. రేపు మీ నాయన మెట్ల మీద పడితే ఎందుకు పడ్డాడో వాళ్ళను అడుక్కోవాలి. పైగా మూసిపెట్టిన ముక్కను కలిపి పంచాలంటే ఈ నలభై మందీ ఒప్పుకోవాలి. బీనా ఒప్పుకుంటుందా?”

“ఒప్పుకోదు.”

“నేనూ ఒప్పుకోను.”

నవనీత కుర్చీలో కుదురుగా లేదు. “ఒక దారుంది. ‘దాత-7’ను మనం పంచడం మానేద్దాం. ‘అడుగు’ను ఒక్కదాన్నే ఇద్దాం. ఎవరి ముక్క వాళ్ళే వేరే చోటు నుంచి దింపుకుని కలుపుకుంటారు. అప్పుడు కుట్టింది మనం కాదు కదా.”

వహీదా కళ్ళజోడు దింపి పెట్టుకుని ఆమెను చూసింది. “అది బీనాకు జవాబు అవుతుందేమో. కైలాసానికి అవుతుందా?”

నవనీత తల దించుకుంది.

“వారసులు ఎవరో చూడు. వెళ్ళి అడుగు,” అంది వహీదా. “బిడ్డా, తాళంచెవి నా దగ్గరే ఉండిపోయింది. తప్పు నీ ఒక్కదానిదే కాదు.”

*

నెమలికొండూరులో కైలాసం ఇల్లు ఎవరైనా చూపిస్తారు. ఇంటి ముందు రేకుల కింద పిండిగిర్ని ఉంది. గిర్ని తిరుగుతోంది. దాని ముందు నిలబడ్డామెకు కనుబొమల దాకా జొన్నపిండి.

“ఏం పట్టాలె? బియ్యమా, జొన్నలా?” గిర్ని చప్పుడులో అరిచింది.

“కైలాసం గారి ఇంటివాళ్ళు కావాలి!”

ఆమె గిర్ని ఆపింది. దాని పట్టా తిరిగి తిరిగి ఆగింది. “ఆయిన లేడు. పోయిన వానకాలం జరమొచ్చి పోయిండు. నేను ఆయిన భార్యను, సుభద్రను. నువ్వెవలు?”

నవనీత చెప్పింది. ఎక్కడి నుంచి వచ్చిందో, ఏం పని చేస్తుందో. నడికట్టు అనగానే సుభద్ర చేతులు కొంగుకు తుడుచుకుంది.

“అయితె నడక తీస్కపోయింది మీరేనా?”

“తీసుకుపోలేదమ్మా. నకలు రాసుకున్నాం. నకలు తీసుకుంటే అసలు ఎక్కడికీ పోదు.”

ఈ మాట నవనీత చాలా చోట్ల చెప్పింది. సాఫ్ట్‌వేర్ ఎందుకు అందరిదీ కావాలో చెప్పేటప్పుడు మొదట ఇదే చెబుతుంది. ఎంతమందికి పంచినా తరగనిది అని.

“పోదా?” అంది సుభద్ర. “తొంబై దినాలు నడక రాసుకునే ఆ పట్టీ కట్టుకొని తిరిగిండు. ఇప్పినంక ఇంటికొచ్చి గిదే గడప కాడ ఆగిండు. ‘సుభద్రా, ఏ కాలు ముందుగాల వెయ్యాలె?’ అన్నడు. పరాచికాలు ఆడుతున్నడనుకున్న. కాదు. అప్పట్నుంచి ఆయినకు ప్రతి అడుగు యాది చేసుకొని వేసుడే. ఒకటి, రెండు, ఒకటి, రెండు అని నోట్ల అనుకుంట నడిచేది. స్తంభం ఎక్కినా గంతే. నేను ముందు నడిచేదాన్ని, నా ఎనక వచ్చేది.”

ఆ పట్టీ ఎలా పనిచేస్తుందో నవనీతకు తెలుసు. వేసే ప్రతి అడుగునూ చిన్న చురక పెట్టి అడుగుతుంది, ఇప్పుడేం చేశావు, ఎలా చేశావు అని. మనిషి ఎన్నడూ ఆలోచించకుండా చేసే పనిని తొంభై రోజుల పాటు లక్షల సార్లు అడిగితే, ఆలోచించకపోవడం అనేదే చెడిపోతుందని ఎవరికీ తట్టలేదు.

“మాకు ఎందుకు చెప్పలేదమ్మా?”

“చెప్తె ఆ పిల్లలు బెదిరి పని ఆపుతరు, కాళ్ళు పడిపోయినోళ్ళు గట్లనే కూసుండిపోతరు అన్నడు. నన్ను గూడ చెప్పనియ్యలె.” సుభద్ర గిర్ని మూతి దగ్గర మిగిలిన పిండిని వేళ్ళతో తుడుస్తూ అంది. “మొన్న బస్టాండ్ల మందిల నిలబడ్డ. ఎనక నుంచి అదే చప్పుడు. సంచి ఇడిసిపెట్టి ఉరికిన. భుజం పట్టుకున్న. తిరిగితె ఎవలో పెద్దమనిషి. ‘ఏం గావాలె చెల్లే’ అన్నడు.”

ఆ పెద్దమనిషి ఎవరో చెప్పడానికి నవనీతకు నోరు రాలేదు. అనుమతి కాగితం సంచిలోంచి బయటికే రాలేదు.

*

ఇంట్లో చెప్పాల్సి వచ్చింది. రెండు రోజులు దాచింది కానీ, అన్నం కలుపుతూ అలాగే కూర్చుండిపోతుంటే అండాలు ఊరుకోలేదు. నవనీత మొత్తం చెప్పింది. అంతా విన్నాక సోమనర్సయ్య కుర్చీ దగ్గరికి నడిచి, కూర్చుని, చొక్కా కింద చెయ్యి పెట్టి నడికట్టు మీట ఆపేశాడు. కాళ్ళు రెండూ ఖాళీ సంచుల్లా పక్కకు ఒరిగాయి.

“నాయినా! ఇప్పుడే ఎందుకు? గడువు ఇంకా ఎనిమిది రోజులుంది.”

“మొగులయ్య సచ్చిపోయినప్పుడు నువ్వు చిన్నదానివి,” అన్నాడు ఆయన. “ఆయిన గీసే చెట్లు పద్దెనిమిది. మంచిగ కల్లు పారుడు మీదున్నయ్. మా సంఘంల ఒక్కడంటె ఒక్కడు వాటికి మోకు ఎయ్యలె. గీసేటోడు లేక గెలలు ఎండినయ్ గాని, ఎవ్వడు ముట్టలె. నెలకు ఆయిన పెండ్లాం ఆయిన మోకు తెచ్చి నా చేతుల పెట్టి, ‘నువ్వెక్కన్నా’ అన్నది. గప్పుడెక్కిన. సచ్చిపోయినోని చెట్టు ఇంటామె చెప్పకుండ ఎక్కినోడు మా గీతోళ్ళల ఎన్నడన్న ఉన్నడా?”

“ఇది చెట్టు కాదు కదా నాయినా.”

“చెట్టు కాదు, కాళ్ళు. ఇంకా ఎక్కువ. నన్ను తీస్కపో ఆమె దగ్గరికి. అడిగే తీరు నీకు ఎర్కలేదు. కాయితం పట్టుకొని పోయినవట.”

“కాయితం బయటికి తియ్యలేదు.”

“గదొక్కటే మంచిపని చేసినవ్.”

ఆటోలో కుర్చీ మడిచి పెట్టి, ఆయన్ను ఎత్తి కూర్చోబెట్టి నెమలికొండూరు చేరేసరికి నడిపొద్దు దాటింది. సుభద్ర ఆయన్ను చూడగానే గుర్తుపట్టింది. చేతిలో జల్లెడ ఆగిపోయింది.

“నువ్వే గదా అన్నా, బస్టాండ్ల!”

“నేనే చెల్లే. గా దినం నాకు ఎర్కలేదు, నేను ఎవరి కాళ్ళతోని నిలబడ్డనో. ఎర్కయినంక ఆపేసిన.” ఆయన కుర్చీలోనే రెండు చేతులూ జోడించాడు. “నేను గీతోన్ని. మా గీతోళ్ళల సచ్చిపోయినోని చెట్టు ఇంటామెను అడిగి ఎక్కుతరు. పదకొండు నెలలు అడగకుంట ఎక్కిన. తప్పయింది. ఇయ్యమని గాదు నేనొచ్చింది. తప్పయిందని చెప్పనీకి.”

సుభద్ర చాలాసేపు ఆయన కాళ్ళనే చూసింది. తర్వాత అంది, “ఒక్కసారి నడువు.”

“వద్దు చెల్లే.”

“నేనే చెప్తున్న గదా. గేటు కాన్నుంచి గిర్ని దాక నడువు.”

ఆమె వెనక్కి తిరిగి గిర్ని వైపు ముఖం పెట్టి నిలబడింది. సోమనర్సయ్య కూతురి వైపు చూశాడు. నవనీత మీట వేసింది. ఆయన లేచాడు. కుడికాలు టక్కున పడింది. ఎడమ మడమ మట్టిలో కొంచెం రాసుకుంటూ వచ్చింది. పన్నెండు అడుగులు. సుభద్ర భుజాలు ఒక్కో అడుగుకూ కొంచెం కొంచెం దిగాయి. ఆయన ఆగాక కూడా ఆమె వెంటనే తిరగలేదు.

“ఎడమకాలు గట్లెందుకు గుంజుతదో ఎర్కేనా? మా పెండ్లయిన ఏడాది స్తంభం మీంచి దుంకి మడమ ఇరగ్గొట్టుకున్నడు, నేను కింద నుంచి పిలిస్తె. బువ్వ తెచ్చిన అని.” కళ్ళు తుడుచుకుని ఇటు తిరిగింది. “ఇస్త. రాస్కోండ్రి. ఒక్కటే మాట. ఈ చప్పుడు మా ఊరికి రావొద్దు. బస్టాండ్ల తీరుగ మల్ల ఉరకలేను నేను. ఈ ఊర్ల, ఈ గల్లీల ఎవ్వరూ ఈ నడక నడవొద్దు. గంతే.”

నవనీత గుండె ఒక్కసారి తేలికైంది. అరవై ఒక్క మందికి ఫోన్ చేసి నెమలికొండూరు వెళ్ళొద్దని చెప్పడం ఎంతసేపు? అవునంటే సరిపోతుంది. నాయిన నిలబడే ఉన్నాడు.

“అమ్మా...” అంది. “అట్లా కుదరదు. ఇస్తే అందరికీ ఇచ్చినట్టే. వీళ్ళకు ఇవ్వు, వాళ్ళకు వద్దు, ఇక్కడ నడవొచ్చు, అక్కడ నడవొద్దు అని షరతు పెట్టే వీలు లేదు. ఎవరు కట్టుకుంటారో, ఎక్కడ నడుస్తారో మనం చెప్పలేం. రేపు ఎవరైనా మీ వాకిట్లోకి ఈ నడకతోనే వచ్చినా నేను ఆపలేను. ఆపుతానని అంటే అబద్ధం అవుతుంది.”

సోమనర్సయ్య కూతురిని చూశాడు. కోపం లేదు ఆ చూపులో. వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు.

“అయితె వద్దు,” అంది సుభద్ర. “వద్దు బిడ్డా. నాతోని గాదు.”

నవనీత తలూపింది. సంచిలోంచి గోరంత కార్డు ఒకటి తీసి ఆమె చేతిలో పెట్టింది. “ఆయన నడక అసలు రికార్డు ఇది. మా దగ్గర ఉన్నవన్నీ చెరిపేస్తాం. ఇది మీది.”

*

పదమూడో రోజు నవనీత బీనాకు జవాబు రాసింది. ‘ఆ “న” నేను. సరిచూడలేదు. అనుమతి లేదు. దాత ఈ నడక ఇచ్చి నష్టపోయారని కూడా ఇప్పుడే తెలిసింది. ఈ రోజు “దాత-7” లంకె తెంచేస్తున్నాను. దింపుకున్నవాళ్ళందరూ తీసేయవలసిందిగా కోరుతున్నాను.’ లంకె తెంచడం ఎంత పని? ఒక వాక్యం చెరపడమే. ఆ వాక్యం ముందు చెయ్యి పెట్టి చాలాసేపు కూర్చుంది.

ముందుగా అరవై ఒక్క మందికీ తనే ఫోన్ చేసి చెప్పింది. కొందరు సరే అన్నారు. కొందరు ఏడ్చారు. భూమేశ్ మాత్రం ప్రయోగశాలకే వచ్చాడు, నడుచుకుంటూ.

“మిషన్ తొక్కుతున్న మేడమ్ నేను. మల్ల కూసుండిపొమ్మంటే ఎట్ల?”

“ఇంకో నడక తయారు చేస్తాం అన్నా. కొంచెం టైం ఇవ్వు.”

“నీ నిజాయితీ నాకు కాళ్ళిస్తదా?”

ఆ మాట చెవిలో తిరుగుతూనే ఉంది. ఇంటికి వెళితే కుర్చీ కిర్రుమనే చప్పుడు.

వారం తిరగకుండా నవనీత నడక తీసే పట్టీ తన నడుముకు చుట్టుకుని వహీదా ముందుకు వచ్చి నిలబడింది.

“పిచ్చా నీకు? దాతకు ఏమవుతుందో తెలిశాక నేను ఎవరికీ కట్టను,” అంది వహీదా.

“చురక సగానికి తగ్గించాను. కైలాసం గారికి తెలియకుండా జరిగింది. నాకు తెలిసే జరుగుతుంది.” కాగితం బల్ల మీద పెట్టింది. మొదటి వాక్యం తనే చేత్తో రాసుకుంది. ‘ఆలోచించకుండా నడిచే సుఖం నాకు పోవచ్చు. తెలిసి ఇస్తున్నాను. అందరికీ.’

“మీ నాయన ఏమన్నాడు?”

“తిట్టాడు.”

“నేనూ తిడతాను,” అంది వహీదా. తిట్టింది కూడా. ఆరు రోజులు ఆ కాగితాన్ని సంతకం పెట్టకుండా బల్ల మీదే ఉంచింది. ఏడో రోజు భూమేశ్‌ను అతని తమ్ముడు వీపున మోసుకుని లోపలికి తెచ్చాడు. ఆ సాయంత్రం వహీదా సంతకం పెట్టింది.

పది రోజులకు ఏమీ తెలియలేదు. పదిహేనో రోజున షెడ్డు మెట్ల దగ్గర కాలు ఒక్క క్షణం ఆగింది. ఇరవయ్యో రోజుకు మెట్టు కనబడితే చాలు, లోపల ఎవరో అడిగినట్టు ఉండేది, ఏ కాలు? ఇరవై మూడో రోజున నవనీత షెడ్డు వరండాలో ఒకటి, రెండు అనుకుంటూ నడుస్తోంది. ఎదురుగా స్తంభం పక్కన చేతిలో సంచితో సుభద్ర నిలబడి చూస్తోంది. ఎప్పుడు వచ్చిందో.

“ఏం జేస్తున్నవే పిల్లా?” అంది. మరుక్షణం ఆ పట్టీని గుర్తుపట్టింది. సంచి కింద పెట్టి గబగబా వచ్చి నవనీత చెయ్యి పట్టుకుంది. “ఇప్పు. ముందుగాల అది ఇప్పు.”

“ఇంకా అరవై ఏడు రోజులు కట్టుకోవాలి.”

“ఇప్పమన్న గదా! మా ఆయిన ఎర్కలేక కట్టుకున్నడు. నీకు ఎర్కుండి కట్టుకుంటవా?”

తనే వంగి పట్టీ విప్పేసింది. వరండా గట్టు మీద నవనీతను కూర్చోబెట్టి తనూ కూర్చుంది. కాసేపటికి కొంగు ముడి విప్పి గోరంత కార్డు తీసింది.

“ఆనాడు మీరు పోయినంక శానా దినాలు మంచిగనే అనిపించింది. సప్పుడు లేదు ఏం లేదు. తర్వాత ఏమైందో, గిర్ని నడుస్తుంటె మాటికి బంద్ చేస్తున్న. ఇనబడుతదేమో అని. గిరాకోళ్ళు తిడ్తున్నరు, కరెంటు పోయిందా ఏంది అని.” నవ్వబోయింది, నవ్వు రాలేదు. “ఎవ్వరూ వస్తలేరు బిడ్డా. నేను వద్దన్న, మీరు తెంపేసిన్రు. ఇగ ఎన్నటికీ ఎవ్వరూ రారు. ఈ కార్డు చెవికాడ పెట్టుకున్న. పలకదు.”

నవనీత ఆమె చేతిని వదలలేదు.

“నువ్వు అన్నవ్ గద, ఎవ్వరొచ్చినా ఆపలేనని. ఆ మాటకే వద్దన్న నేను. ఇప్పుడు గదే కావాలె. కాయితం మీద గట్లనే రాయి. ఎవ్వరినీ ఆపొద్దని. కాని ఆయిన పేరు పెట్టున్రి. ఏడో నెంబరు కాదు ఆయిన.”

“పేరు తీసేయకూడదన్నది షరతులోనే ఉంటుంది అత్తమ్మా,” అంది నవనీత. నాయిన ఈమెను చెల్లే అని పిలిచాడు. ఆ వరస నోటికి దానంతటదే వచ్చింది. “ఎంతమంది పంచుకున్నా, ఎన్ని మార్చుకున్నా ఆ పేరు ఉంచాల్సిందే.”

‘తర్వాత సరిచూడాలి’ అన్న వాక్యం ఉన్న చోట ఇప్పుడు ఇలా ఉంది: ‘ఇది ఎర్రోళ్ళ కైలాసం నడక. ఇచ్చినవారు ఆయన భార్య సుభద్ర. అందరికీ. దీన్ని ఇచ్చినందుకు ఆయన ఏం పోగొట్టుకున్నారో కింద రాశాం. ఇంకొకరి నడక తీసే ముందు చదవండి.’ బీనా నుంచి జవాబు ఒక్క ముక్కే వచ్చింది, సరిచూశాను అని.

ఆ రోజు సుభద్ర వెంటనే వెళ్ళిపోలేదు. కార్డులోని నడకను ‘అడుగు’కు మళ్ళీ కలిపి, సోమనర్సయ్యను పిలిపించారు. నడికట్టు మీట వేయగానే ఆయన లేచి రెండడుగులు వేసి, ఆమెకు దండం పెట్టబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. “బస్టాండ్ దాక తోలియ్యన్నా. నడుచుకుంట పోదాం.”

ఎండ తగ్గింది. జిన్నింగ్ మిల్లు గేటు దాటి రోడ్డెక్కారు. ముందు సుభద్ర, ఆమె వెనక సోమనర్సయ్య. కుడికాలు టక్కున, ఎడమ మడమ తారు రోడ్డును రాసుకుంటూ. ఆమె ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు. ఎక్కడైనా లారీ చప్పుడు అడ్డం వస్తే అది పోయేదాకా అడుగు నెమ్మదించి మళ్ళీ నడిచేది.

నవనీత అందరికన్నా వెనక. ఒకటి, రెండు. ఒకటి, రెండు. ఇది పోతుందా, ఉండిపోతుందా మేడమ్ కూడా చెప్పలేకపోయింది. గుంత వస్తే ఆగి ఆలోచించాల్సి వస్తోంది.

“లెక్క పెడ్తున్నవా బిడ్డా?” ముందు నుంచి సుభద్ర అడిగింది, తిరగకుండానే.

“ఆఁ అత్తమ్మా.”

“పెట్టకు. ముందు నడిచేటాయిన సప్పుడు ఇనుకుంట రా. నేను మా ఆయినకు గదే చెప్పేది. నా ఎనక రా, లెక్క నేను పెడ్తా అని.”

నవనీత పెదవులు మూసుకుంది. నాయిన మడమ చప్పుడు విన్నది. అది తటపటాయించిన చోట తనూ తటపటాయించింది, అది చేరిన చోటికి తనూ చేరింది. బస్టాండు కనబడ్డాక గుర్తొచ్చి చూసుకుంటే, లెక్క ఎక్కడ ఆపిందో ఆమెకు తెలియలేదు.